భీమిలి ఎర్రమట్టి దిబ్బల్లో దొరికిన తాబేలు డిప్ప లాంటి రాయి శిలాజమేనా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బల మధ్య వాగులో, వాన వెలిసిన మర్నాడు మీ అబ్బాయికి జానెడు వెడల్పున్న రాయి ఒకటి దొరికింది. అది బోర్లించిన మూకుడులా ఉబ్బి ఉంది. పైన ఐదారు మూలల గళ్లు గీసినట్టు ఉన్నాయి, ఒక అంచు విరిగి లోపల ఇసుక రేణువులు కనిపిస్తున్నాయి. ఇది తాబేలు శిలాజమా అని మీ మొదటి ప్రశ్న. కాకపోతే విశాఖపట్నం చుట్టుపక్కల తాబేలు శిలాజాలు దొరికే పొరలు అసలు ఉన్నాయా అన్నది రెండవది.

మొదటిదానికి సమాధానం: కాదు. మీరు వర్ణించినది ఇనుము పట్టి గట్టిపడిన ఇసుకమట్టి గడ్డ. రెండవదానికి: విశాఖ కొండల్లో లేవు, ఉండే అవకాశమూ లేదు. తాబేళ్లను దాచగల తరహా పాత పొరలు మనకు దగ్గరలో చూడాలంటే గోదావరి దాకా వెళ్లాలి. నిజంగా తాబేళ్లు బయటపడిన పొరలు కావాలంటే ఇంకా పైకి, ప్రాణహిత గోదావరిలో కలిసే ప్రాంతానికి వెళ్లాలి.

రాయిని చేతిలోకి తీసుకోకుండానే ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా క్షేత్రంలో రాళ్లు చూసిన తరువాత నాకు స్థిరపడిన పద్ధతి ఒకటి ఉంది. ఎవరైనా రాయి తెస్తే దాని ఆకారాన్ని చూడటానికి ముందు అది ఏ పొరలోనిదని అడుగుతాను. ప్రకృతిలో ఆకారాలు ఎన్నో కారణాల వల్ల ఏర్పడతాయి, వాటిలో జీవి ఒక్కటే కారణం కాదు. పొర విషయం అలా కాదు. ఏ కాలంలో, ఎలాంటి నీటిలో, ఎంత వేడికి లోనై అది ఏర్పడిందో తెలిస్తే, అందులో తాబేలు ఎముక మిగిలే వీలుందో లేదో తొంభై పాళ్లు అక్కడే తేలిపోతుంది.

విశాఖ పొరల సంగతే చూద్దాం. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండలు తూర్పు కనుమల రూపాంతర శిలలు, ముఖ్యంగా ఖొండలైట్, చార్నొకైట్. ఖొండలైట్ ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న బంకమట్టే. కానీ సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట అది భూగర్భంలోకి దిగి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, గార్నెట్, సిల్లిమనైట్ స్ఫటికాలుగా మారిపోయింది. కొండ తొలిచిన చోట ఎర్రటి చుక్కల్లా కనిపించేవి ఆ గార్నెట్లే. మనకు తెలిసినంతలో పూర్తి కింది డిప్ప ఉన్న అతి పురాతన తాబేళ్లలో ఒకటైన ఒడోంటోకెలిస్ చైనాలో దొరికింది, దాని వయసు సుమారు 22 కోట్ల ఏళ్లు. ఈ కొండలు ఉడికిన నాటికి తాబేలు కాదు గదా, ఎముకలున్న జీవి ఏదీ భూమి మీద లేదు. బొర్రా గుహల్లోని సున్నపురాయి కూడా ఇదే కుటుంబానికి చెందిన పాత స్ఫటిక శిల. అక్కడ గైడ్లు చూపించే తాబేలు, శివలింగం వంటి ఆకారాలు సున్నపు నీరు బొట్టుబొట్టుగా కారి కట్టినవి.

ఎర్రమట్టి దిబ్బలు మాత్రం అవక్షేపాలే కదా అని మీరు అడగవచ్చు, అది న్యాయమైన ప్రశ్న. అవి క్వాటర్నరీ కాలానికి, అంటే గడిచిన 26 లక్షల ఏళ్ల లోపుకు చెందిన ఇసుక, మట్టి. ఆ కాలంలో ఈ తీరంలో తాబేళ్లు లేకపోలేదు. అయితే తాబేలు ఉండటం వేరు, దాని ఎముక మిగలటం వేరు. ఎముకలో ప్రధానంగా ఉండేది కాల్షియం ఫాస్ఫేట్. దిబ్బల ఇసుక గుల్లగా ఉంటుంది. వాన నీరు ఇట్టే ఇంకిపోతూ, దారిలోని సున్నాన్ని, ఫాస్ఫేటును కరిగించి తీసుకుపోతుంది. గాలి కూడా ఆ ఖాళీల్లోంచి లోపలికి ఆడుతుంది కాబట్టి ఇనుము తుప్పు పట్టి రేణువులన్నిటికీ ఎర్రటి పూత పూస్తుంది. మనం చూసి మురిసిపోయే ఆ ఎరుపే ఎముక నిలవని చోటికి గుర్తు. అలాంటి ఎర్ర ఇసుకలో పాతిన ఎముక కొన్ని తరాల్లోనే పిండిపిండి అయి కనబడకుండా పోతుంది.

ఇక మీ రాయి మీద గళ్లు ఎలా వచ్చాయి? ఇనుము కరిగిన నీరు ఒకచోట ఆగి, ఇసుక రేణువుల మధ్య తుప్పులా పేరుకొని గడ్డ కడుతుంది. పై తొక్క గట్టిపడిన తరువాత అందులోని బంకమట్టి ఎండి కుంచించుకుపోతే చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టే పగుళ్లు వస్తాయి. కుంచించుకుపోయే పదార్థం ఏదైనా దాదాపు ఐదారు మూలల గళ్లుగానే పగులుతుంది. అందుకే ఎండిన చెరువు, చల్లారిన లావా, ఈ గడ్డ, మూడూ తాబేలు వీపును తలపిస్తాయి.

ఇదే రకానికి చెందిన మరో రాయి గురించి చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరకు శిలాజమని వచ్చిన వాటిలో మనుషుల్ని ఎక్కువగా నమ్మించింది అదే. షేల్, అంటే బురద గట్టిపడి పలచటి పొరలుగా మారిన రాయి, అందులో సున్నపు గడ్డలు ఏర్పడి, లోపల పగిలి, ఆ పగుళ్లలో కాల్సైట్ అనే తెల్లటి లేదా పసుపు సున్నపు ఖనిజం నిండుతుంది. పైభాగం అరిగినప్పుడు ఆ కాల్సైట్ గీతలు ఉబ్బెత్తుగా నిలిచి అచ్చం తాబేలు డిప్పలా కనిపిస్తాయి. వీటిని సెప్టేరియన్ గడ్డలంటారు. పాశ్చాత్య దేశాల్లో వీటికి తాబేలు రాళ్లని పేరే ఉంది. ఒక డిగ్రీ విద్యార్థి అలాంటిది తెచ్చి, ఇంట్లో వాళ్లు దానికి పసుపు కుంకుమ పెట్టారని చెప్పాడు. వారి భక్తిని నేను గౌరవించాను. శ్రీకూర్మం క్షేత్రం ఉన్న ఉత్తరాంధ్రలో కూర్మాకారానికి చేయెత్తి మొక్కటం సహజం. అయితే ఆ అబ్బాయి అడిగింది శాస్త్రం గనుక, రాయిని పక్కకు తిప్పి, ఒక గీత వెంట చూపు సాగించమన్నాను. ఆ గీత ఉపరితలం మీద ఆగకుండా గడ్డ నడిబొడ్డు దాకా దిగిపోయింది, లోపలికి పోయేకొద్దీ వెడల్పయింది. డిప్ప మీద గీత అలా ఎప్పుడూ ఉండదు. అతను అరగంట సేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

అసలైన తాబేలు డిప్ప మీద రెండు రకాల గీతలు ఉంటాయి. అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బతికున్న తాబేలు వీపు మీద మనకు కనిపించే పలకలు ఎముక కాదు. మన గోళ్లలో ఉండే కెరాటిన్ తోనే తయారైన పై తొడుగు అది. శ్రీకూర్మం ఆలయంలోని నక్షత్ర తాబేళ్లను మీరు చూసే ఉంటారు. నడుమ వరుసలో 5 పలకలు, దానికి అటు 4, ఇటు 4, చుట్టూ అంచున చిన్న పలకల వరుస ఉంటాయి. ఆ తొడుగు కింద అసలు ఎముక పలకలు వేరే లెక్కలో అమరి ఉంటాయి. వెన్నుపూస మీద ఒక వరుస, దానికి రెండు పక్కలా సాధారణంగా 8 జతల పలకలు. ఆ జతలు పక్కటెముకలే, వెడల్పై ఒకదానికొకటి అతుక్కున్నవి. తాబేలు తన పక్కటెముకల్నే ఇంటి కప్పుగా మలచుకుంది. చనిపోయాక కెరాటిన్ తొడుగు ఊడి కుళ్లిపోతుంది. కానీ పలక అంచు ఆనిన చోట ఎముక మీద లోతు లేని గాడి మిగులుతుంది, గోటితో మెత్తటి మట్టి మీద గీసినట్టు. ఎముకకూ ఎముకకూ మధ్య అతుకు మాత్రం రంపపు పళ్లలా వంకరటింకరగా ఉంటుంది. ఈ రెండు వలలూ ఒకదాని మీద ఒకటి పడవు. గాడి అతుకును అడ్డంగా దాటిపోతుంది. మీ అరచేతి వెడల్పు శిలాజపు ముక్క మీద కూడా ఈ దాటడం ఒక్కచోటైనా కనిపించే అవకాశం ఎక్కువ. మట్టి గడ్డ మీద ఉండేది ఒక్కటే వల, అది పగుళ్ల వల.

మెత్తటి డిప్ప తాబేళ్లు దీనికి మినహాయింపు. వాటికి కెరాటిన్ పలకలు ఉండవు కాబట్టి ఆ గాడులూ ఉండవు. బదులుగా ఎముక ఉపరితలమంతా చిన్న చిన్న గుంటలతో, గట్లతో అల్లినట్టు ఉంటుంది. ఒకసారి చూస్తే ఆ అల్లిక మళ్లీ మరిచిపోరు.

రెండవ పరీక్ష విరిగిన అంచు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే డిప్ప ఎముకలో మూడు వరుసలు తెలుస్తాయి. పైన ఒక గట్టి పొర, కింద ఒక గట్టి పొర, నడుమ తేనెపట్టు లాంటి గుల్ల భాగం. శిలాజమైన ఎముకలో ఆ గుల్ల కాల్సైటుతోనో, సిలికాతోనో, ఇనుముతోనో నిండి ఉన్నా గదులు గదులుగా ఉన్న గోడలు కనిపిస్తూనే ఉంటాయి. మీ రాయి అంచున పై నుంచి కింది దాకా ఇసుక రేణువులే ఉన్నాయని మీరే రాశారు. ఎముక ఇసుక రేణువులతో తయారు కాదు. నాకు సందేహం తీరిపోయింది ఆ ఒక్క వాక్యంతోనే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన తీరంలో నిజమైన తాబేలు ఎముకలు దొరకవని నేను అనటం లేదు, శిలాజాలు దొరకవంటున్నాను. ఒక మత్స్యకార కుటుంబపు కుర్రవాడు ఇసుకలో కూరుకున్న పలక ఒకటి నా దగ్గరకు తెచ్చాడు. అందులో గాడి ఉంది, అతుకు ఉంది, మూడు వరుసల అంచూ ఉంది. నేను చెప్పిన పరీక్షలన్నీ అది నెగ్గింది. కానీ చేతిలో పెట్టుకుంటే ఎండు బెండులా తేలికగా ఉంది. గుల్ల గదులు ఖాళీగా ఉన్నాయి. అంచు దగ్గర నూనె వాసన ఇంకా పోలేదు. అది ఆలివ్ రిడ్లే సముద్ర తాబేలు ఎముక, వయసు కొన్నేళ్లకు మించదు. ఏటా గుడ్లు పెట్టే కాలంలో వలల్లో చిక్కి చనిపోయిన ఆలివ్ రిడ్లేలు మన తీరానికి కొట్టుకొస్తున్నాయి, ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాని డిప్పను గానీ ఎముకను గానీ ఇంట్లో ఉంచుకోవటం నేరం. కాబట్టి పరీక్ష నెగ్గిన పలక తీరాన దొరికితే సంతోషించి ఇంటికి తీసుకుపోకండి, అటవీ శాఖ వారికి చెప్పండి. రంగును మాత్రం ఆధారంగా తీసుకోవద్దు. నల్ల బురదలో పడి ఉన్న నిన్నటి ఎముక కూడా పాత శిలాజంలా నల్లగా మారుతుంది.

తాబేళ్లను బాగా దాచిన పొరలు ఎలాంటివో చెబితే మీ రెండవ ప్రశ్నకు పూర్తి సమాధానం దొరుకుతుంది. డిప్ప గట్టిదే అయినా, అది ఒకే ఎముక కాదు, ఎన్నో పలకల కూర్పు. పారే నదిలో పడితే అతుకులు విడిపోయి పలకకొక దారిన కొట్టుకుపోతాయి. అందుకే నదీ ఇసుకరాళ్లలో మనకు దొరికేవి ఎక్కువగా విడి పలకలే, అవీ అంచులు అరిగినవి. నిలకడగా ఉన్న చెరువులో, మెత్తటి బురదలో, గాలి అందని అడుగున చనిపోయి, వెంటనే పూడుకుపోతే డిప్ప మొత్తం మిగులుతుంది. జర్మనీలోని మెస్సెల్ దగ్గర 4 కోట్ల 70 లక్షల ఏళ్ల నాటి సరస్సు షేల్ పొరల్లో జతకట్టి ఉండగానే మరణించిన తాబేళ్ల జంటలు దొరికాయి. ఆ సరస్సు పైనీరు మంచిది, అడుగు నీరు విషం. జత కూడి మునిగిపోతూ ఆ విషపు నీటిలోకి జారిన జంటలు అలాగే ఉండిపోయాయని 2012లో పరిశోధకులు వివరించారు.

అదే ఏడాది చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతం నుంచి మరో వార్త వచ్చింది. మన పల్లెల్లో పెరిగినవారికి అది వెంటనే అర్థమవుతుంది. అక్కడి జురాసిక్ పొర ఒకదానిలో తాబేళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దొరికాయి. మొత్తం సుమారు 1,800 ఉంటాయని అంచనా వేశారు. కరువులో నీళ్లన్నీ ఇంకిపోతుంటే మిగిలిన ఒక్క మడుగుకు తాబేళ్లన్నీ చేరి, అక్కడే చనిపోగా, తరువాత వచ్చిన వరద వాటిని ఊడ్చి ఒకచోట పూడ్చింది. మండు వేసవిలో చెరువు ఎండి, నడిమధ్య బురద గుంట ఒక్కటే మిగిలినప్పుడు తాబేళ్లూ చేపలూ అందులో కిక్కిరిసి ఉండటం నేను చిన్నప్పుడు చూశాను. ఆ పొర గురించి చదువుతున్నప్పుడు నాకు ఆ గుంట వాసన గుర్తుకొచ్చింది.

మన దేశంలో మూడు చోట్లను చెబుతాను. మొదటిది ప్రాణహిత-గోదావరి లోయలోని కోట పొరలు, జురాసిక్ యుగపు పూర్వార్ధానివి. హైదరాబాద్ బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఈ పొరల్లోదే. ఇక్కడి తాబేలుకు 2000లో ఇండోకెలిస్ అని పేరు పెట్టారు. భారతదేశం నుంచి వర్ణించిన తొలి జురాసిక్ తాబేలు అది. రెండవది తమిళనాడు అరియలూర్ ప్రాంతంలోని కల్లమేడు పొరలు, డైనోసార్ల చివరి కాలానివి. అక్కడి తాబేలుకు 2001లో కూర్మాడెమిస్ అని పేరు పెట్టారు. మన కూర్మం శాస్త్ర నామంలోకి చేరినందుకు నాకు ఎంతో సంతోషం. అది మెడను లోపలికి లాక్కోకుండా పక్కకు మడుచుకునే జాతి. అలాంటి తాబేళ్లు ఇవాళ ఆఫ్రికా, మడగాస్కర్, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా వైపే బతికి ఉన్నాయి, భారతదేశంలో ఒక్కటీ లేదు. మన నేల ఒకప్పుడు ఆ ఖండాలతో కలిసి ఉండేదనడానికి అక్కడ దొరికిన ఆ తాబేలు చిన్న పుర్రె కూడా ఒక సాక్ష్యం. మూడవది ముంబైలోని వర్లి కొండ. దక్కన్ లావా ప్రవాహాల మధ్య విరామం దొరికినప్పుడు మడుగులు ఏర్పడి, కప్పలూ తాబేళ్లూ బతికి, మళ్లీ లావా వచ్చి మూతపెట్టిన పొర అది. అక్కడి తాబేలును కార్టర్ అనే వైద్యుడు 1852లోనే వర్ణించాడు. శివాలిక్ కొండల్లో దొరికిన రెండు మీటర్ల డిప్ప గల మహా తాబేలు గురించి మీరు విని ఉంటారు, దాని కథ వేరు, ఇక్కడ విస్తరించను.

మనకు దగ్గరలో రాజమహేంద్రవరం సమీపాన పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో ఇదే తరహా లావా మధ్య పొరలు ఉన్నాయి. అయితే అక్కడి సున్నపురాయిలో ప్రసిద్ధమైనవి ఆల్చిప్పలు, మలుపుల గవ్వలు, అంటే సముద్రం, ఉప్పుకయ్యల నీళ్ల జీవులు. మీ అబ్బాయికి నిజమైన శిలాజం ఎలా ఉంటుందో చూపించాలంటే విశాఖ నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగల చోటు అదే. క్వారీ యజమాని అనుమతి తీసుకొని, అంచుకు దూరంగా నిలబడి చూడండి.

నా పొరపాటు ఒకటి చెప్పక తప్పదు, అది మీకు పనికొస్తుంది. యువకుడిగా ఉన్నప్పుడు కోట పొరల ప్రాంతంలో ఒక వాగు వెంట నడుస్తున్నాను. పైన సున్నపురాయిలో చేపల పొలుసులు నల్లగా, పింగాణీలా మెరుస్తున్నాయి. నా దృష్టంతా వాటి మీదే ఉంది. వాగు అడుగున గులకరాళ్ల మధ్య బొటనవేలి గోరంత పలక ఒకటి కనిపించింది. గాడి స్పష్టంగా ఉంది. తీసి సంచిలో వేసుకొని, పుస్తకంలో ఊరి పేరు, తేదీ రాసుకున్నాను. అది ఏ పొర నుంచి జారిపడిందో వెతకలేదు. తరువాత అనుభవజ్ఞుడైన పెద్దాయనకు చూపిస్తే ఆయన తాబేలేనని ఒప్పుకొని, వెంటనే అడిగిన మాట, "ఏ పొరది బాబూ?" నా దగ్గర జవాబు లేదు. పైనున్న మట్టిరాయిదా, కిందనున్న ఇసుకరాయిదా, ఎక్కడో ఎగువ నుంచి కొట్టుకొచ్చిందా, ఏదీ చెప్పలేకపోయాను. మరుసటి వేసవి తిరిగి వెళ్లేసరికి వరద వాగు ఒడ్డును కోసేసింది. ఆ పలక ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. తాబేలని తెలుసు, దాని కాలం తెలియదు, కాబట్టి శాస్త్రానికి అది ఏమీ చెప్పదు.

అందువల్ల, ఇకమీద ఎక్కడైనా అనుమానం కలిగించే రాయి కనిపిస్తే తీయకముందే ఫోటో తీయండి. పక్కన స్కేలు గానీ నాణెం గానీ పెట్టండి. దూరం నుంచి మరో ఫోటో తీసి ఒడ్డు, పొరలు, రాయి ఉన్న ఎత్తు అన్నీ పడేలా చూడండి. ఫోన్లో ఆ చోటు గుర్తు నమోదు చేయండి. రాయి పొరలో అంటుకొని ఉందా, విడిగా పడి ఉందా అన్నది తప్పకుండా రాయండి. వెనిగర్, నిమ్మరసం పోసి చూడమని కొందరు సలహా ఇస్తారు, వద్దు. పొంగితే సున్నం ఉందని తెలుస్తుంది తప్ప ఎముక అవునో కాదో తెలియదు, పైగా నిజమైన శిలాజమైతే పాడవుతుంది. ఆ ఫోటోలతో విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన విభాగాన్ని గానీ, భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థను గానీ సంప్రదించవచ్చు.

మీ దగ్గరున్న రాయి విషయానికొస్తే, ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ ప్రదేశం. అక్కడి నుంచి రాయినైనా మట్టినైనా తీసుకురాకూడదు. మీరు తెలియక తెచ్చారు కాబట్టి, ఈ ఆదివారం అబ్బాయిని వెంటబెట్టుకొని వెళ్లి అదే వాగులో పెట్టి రండి. వెళ్లినప్పుడు వాగు ఒడ్డున నిలువుగా కోసుకుపోయిన గోడను వాడికి చూపించండి. అలాంటి గడ్డలు ఇంకా ఒకటి రెండు ఆ గోడలోనే అంటుకొని ఉంటాయి, అవి ఏ ఎత్తులో ఉన్నాయో వాడినే కొలవమనండి.